భాషా ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం: ‘ఒడిశా’ అన్న టీమ్‌కి పాయింట్లు ఇవ్వాలా, వద్దా?

స్కోరుబుక్కు:
మా అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం క్విజ్ ఫైనల్లో గొడవైంది. ప్రశ్న ఇది: “భాషా ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం ఏది?” కీలో ‘ఆంధ్ర రాష్ట్రం, 1953’ అని ఉంది. మొదటి టీమ్ అదే రాసింది. రెండో టీమ్ పలక మీద ‘ఒడిశా, 1936’ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసి చూపించింది. మూడో టీమ్ ‘ఆంధ్రప్రదేశ్’ అంది. ఒడిశాకి పాయింట్లిస్తే మొదటి రెండు టీమ్‌లకీ టై అవుతుంది. ఇవ్వకపోతే కప్పు మొదటి టీమ్‌దే. ప్రశ్నలు తయారు చేసింది వేరే ఆయన, స్కోరు రాసే పెన్ను మాత్రం నా చేతిలో ఉంది. ఫలితం ఆపి ఉంచాం. ఏం చేయమంటారు?

గ్రూప్స్‌టూ:
ఇందులో చర్చేముంది బ్రో? ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబర్ 1. ఏ కోచింగ్ మెటీరియల్ తిరగేసినా ఇదే.

బరంపురంబాబు:
ఆ మెటీరియల్ ఇంకోసారి చూడు తమ్ముడూ. సరిగ్గా రాసినవాళ్లు ‘స్వతంత్ర భారతదేశంలో’ అని ముందు పెడతారు. ఆ మాట తీసేస్తే జవాబు మారిపోతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశాని వేరు చేసిందే ఒడియా మాట్లాడేవాళ్లందరూ ఒకచోట ఉండాలని. 1903లో మధుసూదన్ దాస్ ఉత్కళ సమ్మేళని పెట్టినప్పటి నుంచీ వాళ్ల కోరిక అదే. అందుకోసం బీహార్ నుంచి విడదీయడమే కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు కూడా తెచ్చి కలిపారు. మా వైపు తెలుగువాళ్లకి ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. పాతపట్నం ఇటు ఉండిపోయింది, పక్కనే ఉన్న పర్లాకిమిడి అటు పోయింది. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారనే గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి ఉన్న ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకి తొలి ప్రధాని అయ్యారు (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్లు). గొడవంతా భాష గురించి కాకపోతే మరి దేని గురించి?

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
బరంపురంబాబు గారు చెప్పిన చరిత్రకి వంక పెట్టను. కానీ 1936లో వచ్చింది 1935 చట్టం కింద బ్రిటిష్ వాళ్లు ఏర్పాటు చేసిన గవర్నర్ ప్రావిన్స్. మనం రాసుకున్న రాజ్యాంగం కింద, మన పార్లమెంటు చట్టం చేసి, భాష ఆధారంగా కొత్తగా ఏర్పరచిన మొదటి రాష్ట్రం ఆంధ్రే.

అదీ తేలిగ్గా రాలేదు. 1948లో ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దంది. నెహ్రూ, పటేల్, మన పట్టాభి ముగ్గురూ కూర్చున్న జేవీపీ కమిటీ కూడా 1949లో వాయిదా మాటే చెప్పింది. మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర సంగతి చూడొచ్చని ఒక మెలిక పెట్టింది. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకి కూర్చున్నారు. డిసెంబర్ 15న ప్రాణం పోయింది. 19న నెహ్రూ పార్లమెంటులో ప్రకటన చేశారు. దాన్నీ, తెల్లదొరలు గీసిన ప్రావిన్సునీ ఒకే గాటన కట్టమంటే నాకు మింగుడుపడదు.

‘ఆంధ్రప్రదేశ్’ అన్నవాళ్లకి సున్నా. అది 1956 నవంబర్ 1న తెలంగాణ కలిశాక వచ్చింది. కేరళ ఏర్పడిందీ అదే రోజు.

గ్రూప్స్‌టూ:
మాస్టారూ, దీక్ష 56 రోజులా, 58 రోజులా? మాక్ టెస్టులో రెండూ ఆప్షన్లుగా ఇచ్చి టెన్షన్ పెట్టారు.

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
లెక్కపెట్టు నాయనా. మొదటిరోజు, చివరిరోజు కలుపుకుని అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. 58.

పాతక్విజర్:
మాస్టారి వాదన బలంగానే ఉంది, కానీ అందులో ఒక్క ముక్క కూడా ప్రశ్నలో లేదు. ఆడేవాడికి కనిపించేది తెర మీద ఉన్న వాక్యం ఒక్కటే. పైగా బ్రిటిష్ కాలం సంగతులు చెప్పేటప్పుడు కూడా మనమంతా ‘ఉమ్మడి మద్రాసు రాష్ట్రం’ అని అలవోకగా అనేస్తాం. అలాంటిది, పలక మీద ఒడిశా అని రాసినవాడి దగ్గర మాత్రం ప్రావిన్సుకీ రాష్ట్రానికీ తేడా తీయడం అన్యాయం. “1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన రాష్ట్రం ఏది?” అని అడిగి ఉంటే ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

‘తొలి’, ‘జాతీయ’ అనే మాటలున్న ప్రశ్న కనబడితే నేను కీని అసలు నమ్మను. జాతీయ క్రీడ హాకీ అని ఇప్పటికీ ఎన్ని క్విజ్‌లలో అడగట్లేదు? ఏ ఆటనీ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడల శాఖే 2012లో సమాచార హక్కు దరఖాస్తుకి జవాబిచ్చింది. నా ఓటు రెండు టీమ్‌లకీ పాయింట్లు.

మొదటిటీమ్_సభ్యురాలు:
మీకేం, ఎన్నైనా చెప్తారు. క్విజ్‌మాస్టర్‌దే తుది నిర్ణయమని మొదట్లోనే మైకులో చెప్పారు, అందరం తలూపాం. కప్పు చేతికొచ్చే టైముకి రూల్ మార్చడమేంటండీ?

పాతక్విజర్:
అమ్మా, సర్వీస్ కమిషన్ల వాళ్లే ముందు ప్రాథమిక కీ పెట్టి, అభ్యంతరాలు తీసుకుని, ఆ తర్వాతే ఫైనల్ కీ ఇస్తారు. అపార్ట్‌మెంట్ క్విజ్ అంతకన్నా పెద్దదా?

బీబ్లాక్:
ఎవరికి ఇచ్చినా పర్లేదు, సమోసాల డబ్బులు ఎవరు కట్టాలో ముందు తేల్చండి.

స్కోరుబుక్కు:
కమిటీ ఇదంతా చదివి టై అని తేల్చింది. ఆదివారం టైబ్రేకర్. “ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఎవరు?” అని అడుగుదామనుకుంటున్నారు.

బరంపురంబాబు:
అయ్యా, దండం పెడతా. సగం మంది ప్రకాశం పంతులు గారంటారు. ఆయన 1953 నాటి ఆంధ్ర రాష్ట్రానికి. 1956లో ఆంధ్రప్రదేశ్‌కి నీలం సంజీవరెడ్డి గారు. మళ్లీ ఇక్కడికే వస్తారు.

మొదటిటీమ్_సభ్యురాలు:
అదే అడగనివ్వండి, మా టీమ్‌కి ఆ తేడా బాగా తెలుసు. అయినా జవాబు ఇక్కడ ఎందుకు పెట్టారండీ? రెండో టీమ్ వాళ్లు కూడా ఇది చదువుతున్నారు.