సమస్య: మూల లేని బొంత మూల మడిచె

ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు పాదాలూ మీరు రాయాలి. విషయం బొంతకి మిషన్ మీద అంచు పట్టీ వేయడం. మూలే లేకపోతే ఏ మూల మడిచినట్టు? విరవండి చూద్దాం, అంటే పొసగని మాటకి పొసిగే అర్థం తెప్పించండి.

సూదిదారం:
అంచుకింక పావుటంగుళ ముండఁగా
నాపి పైకి మడిచి యటులె దించి
కుట్టెఁ జూడు వదిన కొసలందు నొక యుబ్బు
మూల లేని బొంత, మూల మడిచె

నిర్వాహకుడు: "ఉబ్బు మూల లేని బొంత" అని పై పాదంతో కలిపి భలే విరిచారండీ. పావుటంగుళంలో టుగాగమం (రెండు మాటల మధ్య "ట" చేరడం) సరిపోయింది, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) అచ్చుకి చెల్లింది. పని లెక్కా సరే, కుట్టు అంచుకి ఎంత ఎడంగా వస్తోందో మూల దగ్గర అంత ఎడం ఉండగానే ఆపాలి, ఇంకో రెండు కుట్లు ముందుకెళ్తే మడత సరిగ్గా తిరగదు. "ఒక" మాత్రం గణం కోసం తెచ్చిపెట్టిందే కదా?

సూదిదారం: ఒప్పుకుంటా :)

పాతచీర: నాది ఉయ్యాల బొంత, గుండ్రంది.
గుండ్రనైన దానిఁ గుట్టుటకై పట్టి
వాలుగాను గోసి వంపు తిప్పి
చంటివాడు లేవఁ జక్కగా నత్తమ్మ
మూల లేని బొంత మూల మడిచె

నిర్వాహకుడు: ఇవాళ్టికి ఇదే నాకు నచ్చింది. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా రెండో మూలని గదిమూల చేసేశారు. పైగా వాలుగా కోయడమన్నది పాదం నింపడానికి వచ్చిన మాట కాదు, నిలువు పట్టీ వంపు మీద వేస్తే ముడతలే, అందుకే టైలర్లు క్రాస్ పట్టీ కోస్తారు.

కొత్తమిషను: నాకు మొదటి పాదమే వచ్చింది: "మిషను కుట్టు నేర్చి నిన్న మా కోడలు". ఇంకో సందేహం, పట్టీని ముందు వైపు కుట్టి వెనక్కి తిప్పి మళ్లీ మిషన్ వేస్తే వెనక కుట్టు అక్కడక్కడా పట్టీ దాటి బొంత మీద పడుతోంది, ఎందుకంటారు?

నిర్వాహకుడు: గణాలు కుదిరాయి, యతే తప్పింది, "మి"కి "ని" చెల్లదు. "మిషను కుట్టు నేర్చి మేనకోడలు నిన్న" అనండి. రెండోది సూదిదారం గారే చెప్పాలి.

సూదిదారం: తిరగేసి వేయండమ్మా. రెండున్నర అంగుళాల పట్టీ నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, ముందు బొంత వెనక వైపు కుట్టండి. తర్వాత ముందుకి తిప్పి, మొదటి కుట్టు కనిపించకుండా కప్పి, క్లిప్పులు పెట్టి, మడత అంచు పక్కనే పైకుట్టు వేయండి. మీరు చూస్తూ కుట్టే వైపు పట్టీ మీదే పడుతుంది, వెనక పడే గీత పట్టీ పక్కనే సాగిపోతుంది. కింది దారం మాత్రం వెనక గుడ్డ రంగుదే ఎక్కించండి.