పై అంతస్తు గదిలో ఏసీ: 200 యూనిట్లు దాటకుండా నడపడం సాధ్యమేనా?

హనుమకొండ వాసి:
మాది మిద్దె మీది ఇల్లు. పడకగదిలో 1.5 టన్నుల పాత స్ప్లిట్ ఏసీ ఉంది. అది కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించుకునే ఇన్వర్టర్ రకం కాదు. రాత్రి తొమ్మిదికి వేసి సుమారు మూడు గంటలు నడుపుతాము. మార్చి వరకు మా వాడకం 200 యూనిట్లకు చాలా లోపే ఉంటుంది. మే నెలలో 220, 230 వరకు వెళ్తోంది. 18 డిగ్రీల వద్ద పెట్టినా గది త్వరగా చల్లబడటం లేదు. గ్యాసు నింపించమని ఒకరు, ఫైవ్‌స్టార్ ఇన్వర్టర్ ఏసీ కొనమని మరొకరు చెబుతున్నారు. డబ్బు ముందుగా దేని మీద పెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

కాజీపేట నివాసి:
ముందు బిల్లు లెక్క చూడండి. 2022 ఏప్రిల్ నుంచి అమలైన తెలంగాణ గృహ వినియోగ ధరల్లో, నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడినవారికి మొదటి వందకు యూనిట్‌కు 3.40, తరువాతి వందకు 4.80 రూపాయలు పడగా, 200 దాటినవారికి మొదటి యూనిట్ నుంచే 200 వరకు 5.10, ఆపైన 300 వరకు 7.70 పడుతుంది. ఆ లెక్కన 195 యూనిట్లకు 796 రూపాయలైతే, 205 యూనిట్లకు 1,058 రూపాయలు దాటుతుంది. మిగతా ఛార్జీలు వేరు. 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికైతే, 200 దాటిన నెల మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. మీరు తగ్గించవలసింది ఇరవై ముప్పై యూనిట్లే కనుక, కొత్త ఏసీ ఆలోచన తరువాత చేయవచ్చు.

ఏసీ మెకానిక్, వరంగల్:
గ్యాసు పెట్రోలులా ఖర్చయిపోయేది కాదండి. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని వెతికి మూయకుండా ఏటా నింపించడం దండగ. అంతకుముందే ఫిల్టర్లు తీసి చూడండి. వేసవిలో రెండు వారాలకొకసారి నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి బిగించాలి. పత్తి వచ్చే ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ చుట్టుపక్కల ఇళ్లలో బయటి యూనిట్ రెక్కల మీద పత్తి నూగు పొరలా పేరుకుని ఉండటం నేను తరచుగా చూస్తుంటాను. వేడి బయటికి పోక కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. మెయిన్ ఆపి, సన్నని నీటి ధారతో రెక్కలు వంగకుండా కడగాలి. కోతులు పైపుల మీది నల్లటి తొడుగు పీకేశాయేమో కూడా చూడండి. మన ఊళ్లో ఇది చిన్న సమస్య కాదు. చల్లని పైపు ఎండకు బయటపడితే చల్లదనం దారిలోనే పోతుంది.

ఇక 18 డిగ్రీల సంగతి. మీ యంత్రం 18 వద్దైనా 26 వద్దైనా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. తేడా అల్లా ఎప్పుడు ఆగుతుందన్నదే. కాగిన స్లాబు కింద గది 18కి చేరదు కనుక, గంటకు ఒకటిన్నర యూనిట్లకు పైగా తింటూ కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. 26 వద్ద పెట్టి, సీలింగు ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అవుతుందని స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 వద్ద మొదలయ్యేలా రావడానికీ కారణం ఆ పొదుపే.

కరీంనగర్ నుంచి:
పైవన్నీ సరైనవే, కానీ అసలు వేడి స్లాబులో ఉంది. మిద్దెకు ఏప్రిల్‌కు ముందే తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే కూల్‌రూఫ్ పెయింటో వేయించండి. పడమటి కిటికీకి బయటి వైపున పరదా కట్టండి. లోపలి పరదా అడ్డుకునేది తక్కువ. మే నెల పొడి గాలిలో కూలర్ చక్కగా పనిచేస్తుంది. పగలంతా కూలర్, రాత్రి ఏసీ అన్నది మా ఇంటి పద్ధతి. అయితే రెండూ కలిపి వేయకండి, కూలర్ ఇచ్చిన తేమను తీయడానికే ఏసీ శ్రమ పడుతుంది.

హనుమకొండ వాసి:
ధన్యవాదాలు. పైపు తొడుగు నిజంగానే చిరిగి ఉంది, మార్పిస్తాను. భవిష్యత్తులో కొత్తది కొంటే స్టార్ల సంఖ్య చూస్తే చాలా?

ఏసీ మెకానిక్, వరంగల్:
చాలదు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. మీరు వేసవి మూడు నెలలు, రోజుకు మూడు గంటలు వాడితే 300 గంటలు కూడా కావు. ఆ వాడకానికి త్రీస్టార్ ఇన్వర్టర్ సరిపోతుంది. ఫైవ్‌స్టార్‌కు అదనంగా పెట్టిన సొమ్ము కరెంటు ఆదాలో తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. రాత్రంతా వాడే ఇంటికి మాత్రం ఫైవ్‌స్టారే కొనమంటాను.