పరాయి పేరుతో అచ్చయిన నవల మీద ఇప్పుడు అసలు పేరు వేయొచ్చా?

చిక్కడపల్లి మేనల్లుడు:
విషయం ఇదీ. మా మేనమామ 1970లలో ఇక్కడే హైదరాబాద్‌లో ఒక సాహస నవలల మాసపత్రికకి పదకొండు నవలలు రాశారు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. పత్రికకో ఉమ్మడి పేరుండేది, ఎవరు రాసినా అట్ట మీద అదే. నవలకి నూట పాతిక రూపాయలు చేతిలో పెట్టేవారు. ఒప్పంద పత్రమంటూ ఏమీ లేదు.

ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, రాత్రి పదింటికి మొదలుపెట్టేవారు. తెల్లారేసరికి ప్రెస్ కుర్రాడు సైకిలేసుకుని గుమ్మంలో ఉండేవాడు. ఆ రాత్రి రాసినవి ఆ పొద్దున్నే వెళ్లిపోయేవి. ముందు ఏం రాశారో చూసుకుందామంటే కాగితాలు దగ్గరుండవు. అందుకే ఒక నవలలో విలన్ రెండుసార్లు చచ్చిపోతాడు!

మామయ్య పోయి నాలుగేళ్లయింది. పదకొండులో ఏడు నాకు దొరికాయి. ఆయన పేరుతో మళ్లీ వేద్దామని నేను. పేరు అడగనని ఒప్పుకుని డబ్బు తీసుకున్నాక అది మాట తప్పడమేనని మా అన్నయ్య. మీరేమంటారు?

ప్రూఫ్ రీడర్ (రిటైర్డ్):
మీ అన్నయ్య మాటే రైటు బాబూ. జనం కొన్నది ఆ ఉమ్మడి పేరు చూసే. ఇది మన దగ్గర పుట్టిన పద్ధతి కూడా కాదు. న్యూయార్క్‌లో స్ట్రీట్ అండ్ స్మిత్ వాళ్లు 1931లో 'ది షాడో' పత్రిక మొదలుపెట్టారు. రచయిత పేరు మాక్స్‌వెల్ గ్రాంట్. అలాంటి మనిషే లేడు. మొత్తం 325 నవలల్లో 282 వాల్టర్ గిబ్సన్ రాశాడు. మిగతావాటిలో ఎక్కువ థియోడర్ టిన్స్‌లీ, బ్రూస్ ఇలియట్ రాసినవి. ఆ దొంగపేరు కూడా గిబ్సనే, ఇంద్రజాల సామాను అమ్మే ఇద్దరి పేర్లు కలిపి కుట్టాడు. అంతకుముందు హుడీనీ, థర్‌స్టన్ లాంటి ఇంద్రజాలికులకి పుస్తకాలు రాసిపెట్టిన చెయ్యి అది. ఆయనకది వృత్తి. వడ్రంగి తలుపు మీద తన పేరు చెక్కుకుంటాడా?

కృష్ణానగర్ కుర్రాడు:
చెక్కుకోడు సార్. కానీ ఇంకో వడ్రంగి పేరు చెక్కి ఉంటే? నేను మూడేళ్లుగా ఘోస్టుగానే, అంటే పేరు లేకుండా వేరేవాళ్లకి రాసిపెడుతూనే బతుకుతున్నా. సినిమాలకి సీన్లు రాసిస్తాం, టైటిల్స్‌లో పేరుండదు. అద్దె కట్టాలి కాబట్టి సరే అంటాం. ఆ 'సరే'ని యాభై ఏళ్ల తర్వాత కూడా పట్టుకుని వేలాడతారా?

లెస్టర్ డెంట్ సంగతి చూడండి. అమెరికాలోనే 'డాక్ సావేజ్' అనే సాహస నవలల పత్రిక 1933 నుంచి 1949 దాకా 181 సంచికలు వచ్చింది. అట్ట మీద కెన్నెత్ రోబ్సన్, లోపల ఎక్కువ భాగం డెంట్ రాత. 1944 మార్చి సంచికలో మాత్రం పొరపాటున అసలు పేరు పడింది. పొరపాటున! డెంట్ 1959లో పోయాడు. 1964లో బాంటమ్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు అవే నవలలు మళ్లీ వేయడం మొదలుపెట్టి లక్షల్లో అమ్మారు. అట్ట మీద మళ్లీ రోబ్సనే. అప్పటికి డెంట్ లేడు. ఎవరి మాట కాపాడినట్టు?

ప్రూఫ్ రీడర్ (రిటైర్డ్):
డెంట్‌ని మరీ అమాయకుణ్ణి చేయకు నాయనా. నెలకో నవల మోయలేక తనే డబ్బిచ్చి రైర్సన్ జాన్సన్ లాంటివాళ్లతో రాయించాడు. వాళ్ల పేరూ పడలేదు. ఘోస్టు కింద మళ్లీ ఘోస్టు. ఉమ్మడి పేరుతో చిక్కే అది. మేనల్లుడూ, నీ దగ్గరున్న ఏడూ మామయ్యవేనని రుజువేంటి? ఇంకొకడి కష్టానికి మీ మామయ్య పేరు పెడితే, ఆ పత్రిక చేసిందే నువ్వూ చేసినట్టు.

లా పాయింట్:
మాట సంగతి మీరు తేల్చుకోండి, చట్టం వరకు నేను చెప్తా. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. మీ మామయ్య ఆ పత్రికలో జీతానికి పనిచేయలేదు కాబట్టి, కాగితం లేకపోతే హక్కు ఆయనదే. ఒకవేళ రాసిచ్చినా 57వ సెక్షన్ ఉంది. కాపీరైట్ అమ్మేశాక కూడా 'ఇది నేను రాసింది' అని చెప్పుకునే హక్కు రచయితకి మిగులుతుంది. వారసులూ అడగొచ్చు. కాకపోతే రుజువు చూపించే బాధ్యత మీదే. పెద్దాయన అడిగింది కోర్టూ అడుగుతుంది.

కృష్ణానగర్ కుర్రాడు:
57 గురించి నాకూ తెలుసన్నా. ఆ సెక్షన్ పట్టుకుని వెళ్తే రేపు నన్నెవడు పిలుస్తాడు?

చిక్కడపల్లి మేనల్లుడు:
పెద్దాయన అడిగాక నిద్ర పట్టలేదు. రాతప్రతులు ఒక్కటీ లేవు. మామయ్య పద్దుల పుస్తకం తీశాను. పాలు, కిరసనాయిలు, మధ్యలో 'నవల 125' అని పదకొండు చోట్ల ఉంది. పేర్లు రాయలేదు, తేదీలున్నాయి. సంచికల నెలలతో పోల్చితే ఆరు సరిపోయాయి. ఏడోదానికి ఆ దగ్గర్లో పద్దే లేదు.

అత్తయ్యని అడిగితే నవ్వేసింది. "వాము మజ్జిగ ఉందేమో చూడరా" అంది. హీరో ఎన్ని కొండలెక్కి వచ్చినా చివర్లో ఇంటికొచ్చి వాము మజ్జిగ తాగుతాడట. ఆ రోజుల్లో రాత్రిపూట ఆవిడ కలిపిచ్చేది అదేనట. ఆ ఆరింటిలోనూ ఉంది. ఏడోదానిలో హీరో కాఫీ తాగాడు.

ఏడోది పక్కన పెట్టేశాను. ఆరింటికి అట్ట మీద పాత ఉమ్మడి పేరు అలాగే ఉంచి, దాని కిందే 'రాసింది' అని మామయ్య పేరు వేద్దామనుకుంటున్నా. అన్నయ్య ఇంకా గొణుగుతున్నాడు, ఈసారి అక్షరాల సైజు గురించి.

మిగతా ఐదింటి కోసం రేపు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకుతా. మీ ఇళ్లలో ఆనాటి సాహస నవలలుంటే చివరి రెండు పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మజ్జిగ ఉందో లేదో చూడాలి.