కొరియాకు కొత్తగా వస్తున్నాను: ఉద్యోగం, ఇల్లు, తిండి గురించి సలహా కావాలి

పెనుకొండ నుంచి:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కొరియన్ కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఇప్పుడు వాళ్ల కొరియా ఆఫీసులోనే ఉద్యోగం ఇచ్చారు, హ్వాసంగ్‌లో. నైపుణ్యమున్న ఉద్యోగులకిచ్చే ఈ-7 వీసా వచ్చేసింది, వచ్చే నెలలో ప్రయాణం. నా భార్య కొన్ని నెలల తర్వాత వస్తుంది. తను శాకాహారి. నేను కోడి, గుడ్డు తింటాను, మందు ముట్టను. ఇక్కడున్న కొరియన్ సార్లతో బాగానే కలిసిపోయాను గానీ, అక్కడ చుట్టూ వాళ్లే అంటే కొంచెం టెన్షన్‌గా ఉంది. మొదటి నెల వరకే కంపెనీ బస ఇస్తుందట. ముందుగా ఏవి చూసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

సువాన్ నుంచి:

తమ్ముడూ, శుభాకాంక్షలు. మీరు రాబోయేది మా పక్క ఊరికే. భయపడేంత ఏమీ లేదు. ఒక్క మాట మాత్రం మొదటే చెబుతాను. ఈ దేశంలో ముందుగా చెప్పినదానికి ఎలాగోలా దారి చూపిస్తారు. అదే ఆఖరి నిమిషంలో చెబితే చిన్న విషయానికి కూడా అందరూ ఇబ్బంది పడతారు. తాగనన్న మాటైనా, సెలవైనా, ఇల్లు ఖాళీ చేయడమైనా అంతే.

మొదట మీ పేరు సంగతి చూడండి. నవ్వకండి, మన తెలుగువాళ్లకు ఇక్కడ వచ్చే తలనొప్పుల్లో సగం పేరుతోనే. దిగిన 90 రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో నమోదు చేసుకుని కార్డు తీసుకోవాలి. కాగితాల మీద పేరు మారినా అందరూ ఇప్పటికీ ఏఆర్‌సీ, అంటే విదేశీయుల నమోదు కార్డు అనే అంటారు. ఇమ్మిగ్రేషన్ వాళ్ల హైకొరియా సైట్‌లో అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పడుతుంది కాబట్టి దిగగానే, వీలైతే దిగకముందే బుక్ చేసుకోండి. ఆ కార్డు చేతికొచ్చాక బ్యాంకు ఖాతా, సొంత పేరు మీద ఫోన్ నంబరు. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఏ పని చేయాలన్నా మీరు మీరేనని ఫోన్ నంబరు ద్వారా నిరూపించుకోవాలి. కార్డు మీద, బ్యాంకులో, ఫోన్ కంపెనీలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటేనే అది పనిచేస్తుంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకవైపు, అసలు పేరులో మూడు ముక్కలు ఇంకోవైపు ఉంటాయి. ఫోన్ షాపులో కుర్రాడు మధ్యలో ఖాళీ తీసేసి కొడతాడు, బ్యాంకులో చోటు చాలక చివరి నాలుగు అక్షరాలు తెగిపోతాయి. ఆ తర్వాత షాపింగ్ యాప్ నుంచి ఆసుపత్రి యాప్ దాకా ఏదీ తెరుచుకోదు. అందుకని కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా తెర మీద ఎలా కొట్టారో చూపించమని అడగండి. కార్డు మీద ఉన్న వరుసలోనే, ఆ ఖాళీలతోనే, పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. బ్యాంకు ఎలా ఎక్కించిందో ఒక కాగితం మీద రాయించుకుని అదే కాగితం ఫోన్ షాపులో చూపించండి. కార్డు వచ్చేదాకా పాస్‌పోర్టుతో దొరికే ప్రీపెయిడ్ సిమ్ సరిపోతుంది.

ఫోన్‌లో కాకావోటాక్ (ఇక్కడి వాట్సాప్ లాంటిది), పపాగో (అనువాదం యాప్) ఇక్కడికి రాకముందే పెట్టుకోండి. దారికి నేవర్ మ్యాప్ గానీ కాకావో మ్యాప్ గానీ వాడండి, గూగుల్ మ్యాప్‌ను నమ్ముకోవద్దు. బస్సుకీ మెట్రోకీ టీ-మనీ కార్డు ఒకటే. దిగేటప్పుడు కూడా కార్డు ఆనించాలి, అప్పుడే తర్వాతి బస్సుకు మారినప్పుడు టికెట్ డబ్బు కలిసొస్తుంది.

ఇంటి విషయంలో మాత్రం తొందరపడకండి. ఇక్కడ అద్దె రెండు రకాలు. వొల్సే అంటే కొంత డిపాజిట్, నెలనెలా అద్దె. జొన్సే అంటే ఇంటి విలువలో పెద్ద భాగం ఒకేసారి డిపాజిట్‌గా కట్టి, నెలకు అద్దె లేకుండా ఉండటం. వినడానికి జొన్సే లాభసాటిగా ఉంటుంది. కానీ ఓనర్లు డిపాజిట్లు తిరిగి ఇవ్వలేక వేలమంది అద్దెదారులు మునిగిపోయారు, బాధితుల కోసం 2023లో ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన మీరు వొల్సేలోనే ఉండండి, అది కూడా డిపాజిట్ తక్కువున్న ఇల్లు చూసుకుని. అద్దె కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు. సంతకానికి ముందు ఏజెంటును ఆ ఇంటి రిజిస్టర్ కాపీ తీసి చూపించమనండి. ఓనరు పేరు, ఇంటి మీద ఎంత అప్పుందో అన్నీ అందులోనే ఉంటాయి. డబ్బు ఆ ఓనరు పేరున్న ఖాతాకే వేయండి. ఇల్లు మారిన రెండు వారాల్లోపే కొత్త చిరునామా నమోదు చేయించి, ఒప్పందం మీద హ్వక్‌జంగ్-ఇల్జా అనే తేదీ ముద్ర వేయించుకోండి. ఆ ముద్రా, నమోదూ ఉంటే, ఇల్లు వేలానికి పోయినప్పుడు మీ డిపాజిట్‌కు వరుసలో చోటుంటుంది. మా దగ్గర ఒక కుర్రాడికి ఈ ముద్ర లేకనే డిపాజిట్ కోసం ఏడాది పైగా తిరగాల్సి వచ్చింది. ఆ అబ్బాయి ముఖం గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఆఫీసు. పెనుకొండలో మీరు చూసిన కొరియన్లు పరాయి దేశంలో సర్దుకుపోతున్నవాళ్లు. ఇక్కడ వాళ్ల ఊళ్లో వాళ్ల పద్ధతి వేరుగా ఉంటుంది. ఎవరినీ ఉత్త పేరుతో పిలవరు. హోదాకు 'నిమ్', అంటే మన 'గారు' లాంటిది, చేర్చి గ్వాజాంగ్‌నిమ్, బూజాంగ్‌నిమ్ అంటారు. కొన్ని కంపెనీల్లో ఇప్పుడు హోదాలు తీసేసి పేరుకు 'నిమ్' చేర్చి పిలుస్తున్నారు, మీ టీమ్‌లో ఏది నడుస్తుందో మొదటి రోజే అడగండి. పన్నెండు కొట్టగానే టీమంతా ఒకేసారి భోజనానికి లేస్తుంది. తిని వచ్చాక అందరూ వాష్‌రూమ్‌లో వరసగా నిలబడి పళ్లు తోముకుంటారు, మీరూ డెస్కు సొరుగులో ఒక బ్రష్ పెట్టుకోండి. రెండు నెలలు ఆ భోజనాన్ని వదలకుండా వాళ్లతోనే వెళ్లండి. డబ్బా తెచ్చుకుని ఒక్కరే తింటే ఎవరూ ఏమీ అనరు గానీ, పనికి సంబంధించిన సగం సంగతులు ఆ టేబుల్ దగ్గరే తెలుస్తాయి.

హ్వేషిక్ అని టీమ్ విందులుంటాయి. మందు ముట్టని మనవాళ్లు చాలామంది ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటారు, అలా చేయకండి. విందు రోజు రాకముందే, చేరిన వారంలోనే, మీ టీమ్ లీడర్‌తో విడిగా "నేను తాగను, మా ఇంట్లో అలవాటు లేదు, కానీ విందుకు తప్పకుండా వస్తాను" అని చెప్పేయండి. ఆయనే మిగతావాళ్లకు చెప్పుకుంటాడు. అక్కడికెళ్లాక మీ గ్లాసులో సైడా పోయించుకోండి, మన స్ప్రైట్ లాంటిదే. పెద్దవాళ్లు పోస్తుంటే గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి, మీరు పోసేటప్పుడు కూడా సీసాకు రెండు చేతులు. ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, కాబట్టి పక్కవాళ్ల గ్లాసు ఖాళీ అవుతోందేమో చూస్తూ ఉండండి. పెద్దవాళ్ల ముందు తాగేటప్పుడు ముఖం కొంచెం పక్కకు తిప్పుకోవడం మర్యాద, సైడాకు కూడా అలా చేస్తే వాళ్లు ముచ్చటపడతారు. టేబుల్ మధ్యలో పొయ్యి మీద మాంసం కాలుస్తారు. సాధారణంగా అందరికంటే చిన్నవాళ్లు పటకారు, కత్తెర అందుకుంటారు. మీరు పంది తినకపోయినా ఆ పని అందుకోండి, ఆ టేబుల్ మీ చేతిలోకి వచ్చేస్తుంది. మీకు అన్నం, లెట్యూస్ ఆకు, పుట్టగొడుగులు, వెల్లుల్లి, గుడ్డు కూర ఉంటాయి. మొదటి రౌండు అయ్యాక వంగి నమస్కరించి బయల్దేరితే ఎవరూ తప్పుపట్టరు. నేను చూసినంతలో, ఏడాదంతా రాని మనిషి కంటే, వచ్చి తాగకుండా కూర్చున్న మనిషినే వాళ్లు తమవాడు అనుకుంటారు.

పని గంటలకు చట్టం ఉంది. వారానికి 40, ఓవర్‌టైమ్ 12 కలిపి 52 మించకూడదు. మొదటి ఏడాది పూర్తిగా పనిచేసిన ప్రతి నెలకూ ఒక రోజు సెలవు, ఏడాది నిండాక 15 రోజులు. ఇండియా రావాలంటే నెలల ముందే చెప్పండి. ఏడాది దాటి పనిచేసి మానేస్తే ఏడాదికి ఒక నెల జీతం చొప్పున థ్వేజిక్‌గమ్ అని మన గ్రాట్యుటీ లాంటి డబ్బు వస్తుంది, అది మీ హక్కు. జీతంలో కోసే పెన్షన్ డబ్బు కూడా, దేశం వదిలి వెళ్లిపోయేటప్పుడు భారతీయులకు ఒకేసారి తిరిగి ఇస్తారు, దరఖాస్తు చేసుకోవడం మరిచిపోవద్దు. ఎవరైనా వేధిస్తే భరించాల్సిన పనిలేదు, 2019 జూలై నుంచి దానికీ చట్టం ఉంది. కార్మిక శాఖ నంబరు 1350. కానీ కోపంలో రాజీనామా ఇచ్చేయకండి. ఈ-7 మీ కంపెనీకి ముడిపడి ఉంటుంది. ముందు 1345కు ఫోన్ చేయండి, అది ఇమ్మిగ్రేషన్ వాళ్లది, ఇంగ్లీషులో మాట్లాడతారు.

ఆరోగ్య బీమా ఉద్యోగంలో చేరిన నాటి నుంచే ఉంటుంది. జ్వరానికి పెద్దాసుపత్రికి వెళ్లకండి, వీధి చివర క్లినిక్ చాలు. పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా ముందు ఆ డాక్టరు చీటీ కావాలి.

యోంగిన్ నుంచి:

అన్నగారు ఆఫీసు సంగతి బాగా చెప్పారు, నేను ఇంటి సంగతి చెబుతాను. తమ్ముడూ, మీ ఆవిడ కోసం పెళ్లి సర్టిఫికెట్‌కు ఇండియాలోనే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పెట్టండి. ఇక్కడికొచ్చాక ఆ కాగితం కోసం మళ్లీ అటు పంపాలంటే నెలలు పడుతుంది. తనకు వచ్చే ఎఫ్-3 (కుటుంబ సభ్యుల) వీసా మీద అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. ఈ సంగతి తనకు ఇప్పుడే చెప్పండి. ఇక్కడ దిగాక తెలిసి కుంగిపోయిన ఆడపిల్లల్ని చూశాను. వచ్చిన వారంలోనే కొరియన్ క్లాసులో చేర్పించండి. ప్రభుత్వం నడిపే సామాజిక ఏకీకరణ కార్యక్రమం ఉంది, తర్వాత వీసా మార్చుకునేటప్పుడు పాయింట్లకు కూడా పనికొస్తుంది. భాష ఎంత వస్తుందన్నది తర్వాతి మాట, రోజూ ఇల్లు దాటి వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది. మీరు పొద్దున వెళ్లి రాత్రి వస్తారు, మధ్యలో ఆ పిల్ల నాలుగు గోడల మధ్య ఉంటుంది. పొద్దున ఇంటికి ఫోన్ చేసి మాట్లాడదామన్నా ఇండియా మూడున్నర గంటలు వెనక, మనకు పొద్దున తొమ్మిదైతే అమ్మవాళ్లకు ఇంకా తెల్లారదు.

శాకాహారం కష్టమే, అబద్ధం చెప్పను. కిమ్చీ అనే ఇక్కడి క్యాబేజీ పచ్చడిలో చేపల సాస్ ఉంటుంది, చారు ఏదైనా ఎండుచేపలో ఎముకలో వేసి మరిగించిందే. మాంసం వద్దంటే ముక్కలు తీసేసి అదే చారు ఇస్తారు. కూరగాయలు కలిపిన అన్నం బిబింబాప్‌లో మాంసం, గుడ్డు రెండూ వద్దని విడివిడిగా చెప్పాలి. అందుకని ఇంట్లో వంట తప్పదు. పప్పులు, చింతపండు, సోనా మసూరి లాంటి బియ్యం సియోల్‌లోని ఇథేవాన్‌లో మసీదు దగ్గరి షాపుల్లో, ఆన్సాన్‌లో వొంగోక్-డాంగ్‌లో దొరుకుతాయి. ఆన్సాన్ మీకు దగ్గర. ఇక్కడి బియ్యం ముద్దకడుతుంది, పెరుగన్నానికి బాగుంటుంది గానీ పులిహోరకు పనికిరాదు. కారానికి ఛంగ్యాంగ్ పచ్చిమిర్చి అని అడగండి, మన నోటికి సరిపోతుంది. చలికాలంలో ఇడ్లీ పిండి పులవదని బెంగ వద్దు. ఇక్కడ ఇళ్లకు నేల కిందనుంచి వేడి వస్తుంది. రాత్రి గిన్నెకు తువ్వాలు చుట్టి, వేడి ఎక్కువగా ఉండే మూల నేల మీద పెడితే పొద్దున్నకు మూత లేపుతుంది. మిక్సీ మాత్రం రాత్రి తొమ్మిది తర్వాత వేయొద్దు, కింది ఇంటివాళ్లతో మొదటి గొడవ దాని దగ్గరే వస్తుంది.

అమ్మ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కట్టిస్తానంటే వద్దనండి. మాంసంతో చేసినవి చెప్పకుండా తెస్తే కోటి వోన్ల దాకా జరిమానా ఉంది. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. ఆవకాయ, గోంగూర పచ్చడి గట్టిగా ప్యాక్ చేసి పెద్ద సూట్‌కేసులో పెట్టండి.

చెత్త గురించి కూడా వినండి. మీ ఊరి పేరున్న చెత్త సంచులే కొనాలి, పక్క ఊరి సంచి చెల్లదు. కూర మిగిలితే తిండి చెత్తలో వేయాలి, కానీ గుడ్డు పెంకులు, ఎముకలు, కొబ్బరి చిప్పలు, ఉల్లిపొట్టు మామూలు చెత్త. పశువులు తినగలిగేదైతే తిండి చెత్త అని మా కింది ఇంటి పెద్దావిడ నేర్పింది. ఆవిడకు ఒకసారి గారెలు ఇచ్చాను, అప్పటినుంచి కిమ్చీ చేసిన ప్రతిసారీ మాకోసం చేపల సాస్ వేయకుండా ఒక డబ్బా విడిగా పెడుతుంది.

పెనుకొండ నుంచి:

అన్నగారికీ అక్కగారికీ చాలా చాలా థ్యాంక్స్. అపోస్టిల్ పని రేపే మొదలుపెడతాను. ఇంకొక్క సందేహం. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి మా బావమరిది కూడా ఉత్సాహపడుతున్నాడు. ఐటీఐ చేశాడు. ఒక ఏజెంటు ఐదు లక్షలు కడితే ఈ-9 ఫ్యాక్టరీ వీసా ఇప్పిస్తానంటున్నాడు. అడ్వాన్సు ఈ వారమే కట్టాలట. నమ్మొచ్చా?

సువాన్ నుంచి:

నమ్మొద్దు. ఈ-9 అనేది కొరియా ప్రభుత్వం కొన్ని దేశాల ప్రభుత్వాలతో ఒప్పందం చేసుకుని ఇచ్చేది. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్, వియత్నాం లాంటి దేశాలున్నాయి, ఇండియా ఆ జాబితాలో లేదు. ఉన్న దేశాలవాళ్లు కూడా కొరియన్ భాష పరీక్ష రాసి ప్రభుత్వం ద్వారానే రావాలి, మధ్యలో ప్రైవేటు ఏజెంటుకు చోటే లేదు. ఇలాంటివాళ్లు చివరికి టూరిస్టు వీసా చేతిలో పెట్టి పంపుతారు. పట్టుబడితే వెనక్కి పంపించి, మళ్లీ రాకుండా నిషేధం కూడా పెడతారు. అప్పు మాత్రం ఇంట్లో మిగిలిపోతుంది. అబ్బాయికి నిజంగా ఆసక్తి ఉంటే కొరియన్ నేర్చుకుని టోపిక్ అనే కొరియన్ భాష పరీక్ష రాయమనండి. మీ పెనుకొండ చుట్టుపక్కల ఉన్న కొరియన్ కంపెనీల్లోనే భాష వచ్చిన ఐటీఐ వాళ్లకు మంచి గిరాకీ ఉంటుంది. మీలాగే అక్కడినుంచి దారి దొరకొచ్చు. ఆ అడ్వాన్సు కట్టకముందే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. మీరు చెబితే వినకపోతే నా నంబరు విడిగా పంపుతాను, నేను మాట్లాడతాను.