లైవ్ టూల్: తిరిగేదా, తిప్పేదా?

ప్రశ్న: సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ నడిపే తరిమెన మిషన్) మాన్యువల్ తెలుగు చేస్తున్నాం. "లైవ్ టూలింగ్" దగ్గర ఎవరో "సజీవ పనిముట్లు" అని పెట్టారు. మార్చాలి. ఏమందాం?

— సజీవం వద్దండీ బాబూ, ఆపరేటర్లు నవ్వుతారు. లేత్‌కి "తరిమెన" అనే పాత మాట బ్రౌన్ నిఘంటువులోనే ఉంది. తరిమెన పట్టేటప్పుడు కర్ర తిరుగుతుంది, ఉలి తిరగదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేదీ అలాగే. ఇక్కడ తలకిందులు: జాబ్‌ని (కోసే ముక్కని) సీ-యాక్సిస్, అంటే జాబ్ తిప్పే స్పిండిల్‌ని కావలసిన కోణంలో నిలిపే ఏర్పాటు, పట్టి ఉంచుతుంది; టరెట్‌లో (టూళ్లు బిగించే తలలో) కట్టర్ తిరుగుతుంది. "తిరుగుడు టూలు" అనండి.

— అలాగంటే లైవ్ సెంటర్‌తో (జాబ్ చివర ఆనించే మొనతో) కలిసిపోతుంది. అదీ తిరిగేదే, కానీ జాబ్ తిరిగితేనే. దానికి మోటారు లేదు. లైవ్ టూల్‌ని మోటారు తిప్పుతుంది. తిరుగు, తిప్పు అని మనకు రెండు క్రియలున్నాయి కదా: తిరుగుడు సెంటరు, తిప్పుడు టూలు.

— తిప్పుడుకే నా ఓటు. కానీ మాన్యువల్‌లో అసలు చిక్కు పేరు దగ్గర కాదు, "దించు" దగ్గర. 40 మి.మీ. షాఫ్ట్‌కి 12 వెడల్పు, 5 లోతు కీవే (కీ కూర్చునే గాడి) తీయాలి. "5 మి.మీ. దించు" అని రాస్తే కొత్తవాడు ప్రోగ్రామ్‌లో ఎక్స్35 కొడతాడు, గాడి రెండున్నరే దిగుతుంది. ఎక్స్ (టూలు జాబ్ మధ్యకి దిగే దిశ) వ్యాసం లెక్క, అడుగు ఎక్స్30. "ఎక్స్30 దాకా దించు" అని రాయండి.

— ఫీడ్ (టూలు ముందుకు సాగే వేగం) దగ్గరా అంతే. మూడు పళ్ల కార్బైడ్ స్లాట్ డ్రిల్ (గాడి తీసే కట్టర్), 2100 ఆర్‌పీఎం, పంటికి 0.03 మి.మీ. అంటే నిమిషానికి 190 మి.మీ. దీనికి జి98 (ఫీడ్ నిమిషం లెక్కన అనే కోడ్) ఉండాలి. టర్నింగ్ తాలూకు జి99 (ఫీడ్ స్పిండిల్ చుట్టు లెక్కన) మిగిలిపోతే, మెయిన్ స్పిండిల్ ఆగి ఉంది కాబట్టి ఫానక్ కంట్రోలర్ ఉన్న చాలా లేత్‌లలో అలారం లేకుండా యాక్సిస్ నిలబడిపోతుంది. "మిషన్ ఆగిపోయింది" అంటారు. ఆగలేదు, స్పిండిల్ తిరగడం కోసం చూస్తోంది.

— కీవే తీసేటప్పుడు సీ-యాక్సిస్ బ్రేకు వేయమనీ రాయండి, లేకపోతే జాబ్ ఊగి గాడి గోడలు గరుకుగా వస్తాయి. సీ తిరుగుతూ కోసే పనిలో మాత్రం బ్రేకు తీసే ఉండాలి. బ్రేకు వేసే ఎం-కోడ్ (మిషన్‌కిచ్చే ఆదేశం) కంపెనీకొకటి, అంకె వేయకండి. ఇంకోటి: వై-యాక్సిస్ (టూలు పక్కకి జరిగే దారి) లేని లేత్‌లో వెడల్పు కట్టర్‌ని బట్టే వస్తుంది. ఎన్9 ఫిట్‌కి (కీవే వెడల్పుకి పెట్టే ఒక టాలరెన్స్) గాడి 12.000 దాటకూడదు. కొలెట్‌లో (కట్టర్ బిగించే పట్టులో) కట్టర్ కాస్త ఊగినా దాటుతుంది, డయల్ గేజ్ పెట్టి చూడాల్సిందే.

ప్రశ్న: మరి "మిల్లింగ్"? మర పట్టడం అనొచ్చా?

— వడ్లు గుర్తొస్తాయి. కీవేకి "గాడి తీయడం" సరిపోతుంది. ఫ్లాట్‌కి (చదును చేసిన ముఖానికి) గాడి ఉండదు, అక్కడ మిల్లింగ్ అనే ఉంచండి.