కొత్త డీన్ వస్తే ఎంబీఏ అడ్మిషన్లలో నిజంగా ఏం మారుతుంది?

గచ్చిబౌలి_రౌండ్‌వన్:
అమెరికాలో నేను అప్లై చేయబోతున్న బిజినెస్ స్కూల్‌కి ఈ జూలైలో కొత్త డీన్ (స్కూల్ అధిపతి) వచ్చారు. ఆయన ఏ సభలో మాట్లాడినా ఏఐ, స్టార్టప్‌లే. "ఐటీ సర్వీసెస్ వాళ్లకి ఇక కష్టం, వ్యాసాలన్నీ ఏఐ చుట్టూ తిప్పి రాయండి" అని కన్సల్టెంట్లు చెబుతున్నారు. దరఖాస్తుల మొదటి రౌండ్ గడువు సెప్టెంబర్‌లోనే. డీన్ మారిన ఏడాదే ఎంపిక పద్ధతి మారుతుందా? మారితే ఎక్కడ చూసి పట్టుకోవాలి?

కేస్‌మెథడ్:
ఈ సెప్టెంబర్‌కి పెద్దగా ఏమీ మారదండి. ఫారం, వ్యాసాల ప్రశ్నలు, సిఫారసు చేసేవాళ్లని అడిగే ప్రశ్నలు వేసవికల్లా ఖరారైపోతాయి. జూలైలో బాధ్యత తీసుకున్న మనిషికి వాటిని తిరగరాసే వ్యవధి ఉండదు.

హార్వర్డ్‌లో ఏం జరిగిందో చూడండి. నితిన్ నోహ్రియా 2010 జూలైలో డీన్ అయ్యారు. ముందు మారింది చదువు. 2011లో ఫీల్డ్ అనే తప్పనిసరి కోర్సు వచ్చింది. క్లాసులో కేసులు (కంపెనీల నిజ సమస్యలు) చర్చించడంతో ఆపకుండా, మొదటి ఏడాది విద్యార్థులందర్నీ జట్లుగా విదేశాల్లోని కంపెనీలకి పంపి పని చేయించారు. అడ్మిషన్ల ఫారం మారింది 2012లో. వ్యాసాలు నాలుగు నుంచి రెండుకి తగ్గాయి, ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లోపు ఇంకో రాత పంపాలన్నారు. 2013లో ఒకే వ్యాసం మిగిలింది, పదాల పరిమితి కూడా తీసేశారు. నెలల తరబడి చెక్కిన వ్యాసాల పలుకుబడి తగ్గి, ఎదురుగా కూర్చున్నప్పుడు మనిషి ఎలా ఆలోచిస్తాడన్నదానికి విలువ పెరిగిందని నా అభిప్రాయం.

తర్వాత శ్రీకాంత్ దాతార్ 2021 జనవరిలో వచ్చారు. 2022 ఆగస్టులో స్కాలర్‌షిప్‌ల విధానం మారింది. ఆర్థిక అవసరం అందరికంటే ఎక్కువ ఉన్న సుమారు 10 శాతం విద్యార్థులకి ట్యూషన్ మొత్తం మాఫీ. 2023లో అడ్మిషన్ల విభాగానికి కొత్త అధిపతి వచ్చారు. 2024 వేసవిలో 900 పదాల ఒకే వ్యాసం పోయి మూడు చిన్నవి వచ్చాయి: వ్యాపార దృష్టి మీద 300 పదాలు, నాయకత్వం మీద 250, జిజ్ఞాస, ఎదుగుదల మీద 250. అంటే డీన్ వచ్చిన మూడున్నరేళ్లకి, అడ్మిషన్ల అధిపతి వచ్చిన ఏడాదిలోపే. అందుకే డీన్ ఉపన్యాసం కంటే ముందు అడ్మిషన్ల అధిపతి మారారా లేదా చూడమంటాను.

ఏఐ వ్యాసాల సంగతి. మీ రెజ్యూమేలో లేనిది, మీ మేనేజర్ ఇచ్చే సిఫారసు లేఖలో లేనిది వ్యాసంలో మాత్రం కనిపిస్తే చదివేవాళ్లు వెంటనే పట్టేస్తారు. హార్వర్డ్‌లోనైతే ఇంటర్వ్యూ చేసే మనిషి మీ అప్లికేషన్ మొత్తం చదివే వస్తారు. మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

బే_ఏరియా_తెలుగు:
బర్క్‌లీలోని హాస్ స్కూల్ ఇంకో రకం ఉదాహరణ. రిచ్ లయన్స్ 2008లో డీన్ అయ్యాక, 2010లో స్కూల్‌కి నాలుగు సూత్రాలు ప్రకటించారు. వాటిలో ఒకటి కాన్ఫిడెన్స్ వితౌట్ ఆటిట్యూడ్, అంటే గర్వం లేని ఆత్మవిశ్వాసం. ఇలాంటి మాటలు చాలా స్కూళ్లలో గోడకే పరిమితం. ఇక్కడ మాత్రం అది సిఫారసు ఫారంలోకి కూడా వెళ్లింది, ఈ గుణం అభ్యర్థిలో ఎలా కనిపించిందో మేనేజర్ రాయాల్సి వచ్చింది. "చాలా కష్టపడతాడు, టీమ్‌ప్లేయర్" అని నాలుగు వాక్యాలు రాసిచ్చే మన మేనేజర్లతో దెబ్బ తగిలేది ఇక్కడే. ఫలానా మీటింగ్‌లో తన వాదన తప్పని తేలితే ఏం చేశాడు, జూనియర్‌కి పేరు ఎలా దక్కనిచ్చాడు అని సంఘటనతో సహా రాయమని నెల ముందే చెప్పుకోవాలి.

ఒక మాట: క్లాస్ ప్రొఫైల్ (కొత్త బ్యాచ్ గురించి స్కూల్ ప్రకటించే వివరాలు) చూసి కొత్త డీన్ ఇష్టాయిష్టాలు లెక్కగట్టకండి. ఈ శరదృతువులో వచ్చే ప్రొఫైల్, పాత డీన్ హయాంలో ఎంపికైన బ్యాచ్‌ది.

మన వాళ్లకి ముఖ్యమైన ఇంకో సంగతి, డిగ్రీకి ఇచ్చే సీఐపీ కోడ్, అంటే అది ఏ రంగం చదువో చెప్పే అమెరికా ప్రభుత్వ వర్గీకరణ సంఖ్య. 52.0201 సాధారణ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, దానికి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) గుర్తింపు లేదు. 52.1301 మేనేజ్‌మెంట్ సైన్స్, దానికి ఉంది. 12 నెలల ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పని చేసుకునే అనుమతి) 36 నెలలయ్యేది ఈ తేడాతోనే. కొత్త డీన్ సిలబస్‌లో డేటా సబ్జెక్టులు పెంచినంత మాత్రాన కోడ్ దానంతటదే మారదు. స్కూల్ పేజీలో మీ ప్రోగ్రామ్ కోడ్ చూసుకోండి.

క్యాట్_పీడీఎఫ్‌లు:
ఐఐఎంలలో పట్టుకోవడం ఇంకా తేలిక, ఎందుకంటే ఎంపికలో దేనికెన్ని మార్కులో చెప్పే వెయిటేజీలు ఏటా పీడీఎఫ్‌లో రాతపూర్వకంగా ఉంటాయి. కోళికోడ్‌లో దేబాశిస్ ఛటర్జీ 2009లో డైరెక్టర్ అయ్యారు, 2013 బ్యాచ్‌లో అమ్మాయిలు 54 శాతం. ఆయన రెండోసారి 2018లో వచ్చాక, 2019 బ్యాచ్‌కి అమ్మాయిల కోసం 60 అదనపు సీట్లు పెట్టారు. ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27 శాతం వంటివి చట్టం ప్రకారం ఉన్నవి, ఏ డైరెక్టరూ కదపలేరు. కదిలేవి పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, అనుభవం, జెండర్, నాన్-ఇంజనీరింగ్ పాయింట్లు. నిరుటి, ఈ ఏటి పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి చదవండి.

గచ్చిబౌలి_రౌండ్‌వన్:
మరి పాత ప్రశ్నలు స్కూల్ సైట్‌లో ఉండవు కదా? రెండో రౌండ్‌కి ఆగితే లాభమా?

కేస్‌మెథడ్:
పాత వెబ్ పేజీలు దాచిపెట్టే వెబ్ ఆర్కైవ్‌ సైట్‌లో నిరుటి ఆగస్టు నాటి పేజీ తెరవండి, వ్యాసాలు, సిఫారసు ప్రశ్నలు, స్కాలర్‌షిప్ పేజీ మూడూ పోల్చండి. ప్రశ్నలు ఒకటే అయితే ఆగి లాభం లేదు, రెండో రౌండ్ ఉండే జనవరికీ అవే ప్రశ్నలుంటాయి. మేనేజర్ లేఖ సిద్ధంగా లేకపోతే మాత్రం ఆగండి.