2030 ఐసీ ఆంప్లిఫైయర్: హమ్ పోవడంలేదు, పాట పెట్టకపోయినా ఐసీలు కాలిపోతా ఉండాయి

చంద్రగిరి_సౌండు:
అన్నలారా, ఊర్లో భజన మందిరానికి చిన్న స్టీరియో ఆంప్లిఫైయర్ కడతా ఉండా. టీడీఏ2030 ఐసీలు (సౌండు పెంచే చిప్పులు) రెండు, 12-0-12 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, 5408 డయోడ్లు నాలుగు, 4700 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్లు రెండు, స్పీకర్లు 8 ఓంలు. ప్లస్ పక్క, మైనస్ పక్క 16.8 వోల్టులు చూపిస్తా ఉంది.

వాల్యూం సున్నాకి తిప్పినా గుయ్యిమని హమ్. ఫోన్ పిన్ను పీకేసినా అదే. పైగా ఊరికే ఆన్‌లో పెట్టినా ఐదు నిమిషాల్లో హీట్‌సింక్ (ఐసీ వేడిని బయటికి లాగే లోహపు దిమ్మ) మీద చెయ్యి పెట్టలేం. సౌండు మరీ ఎక్కువైందని ఫీడ్‌బ్యాక్‌లో 680 ఓంలు తీసి 4.7 కే (కిలో ఓంలు) వేసినాను, మిగతాదంతా డేటాషీటు (ఐసీ కంపెనీ కాగితం) బొమ్మే. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (మధ్య 0) వైరు ఎడమ బోర్డు గ్రౌండుకి, అక్కడి నుంచి కుడి బోర్డుకి, చివర్న కెపాసిటర్లకి పోతుంది. ఐసీకీ హీట్‌సింకుకీ మధ్య కరెంటు దాటకుండా వేసే మైకా ముక్క వేయలే. ఇప్పటికి చెక్క పెట్టె, తర్వాత రేకు పెట్టెలోకి మార్చాల.

సిరీస్_బల్బు:
వేడికి కారణం నువ్వే రాసినావు తమ్ముడూ, ఆ 4.7 కే. 22 కే, 680 ఓంలు ఉంటే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 33 రెట్లు. 4.7 కే పెడితే అది 5.7 రెట్లకి, అంటే 15 డీబీకి పడిపోతుంది. ఈ ఐసీకి 24 డీబీ తగ్గకూడదు. తగ్గితే చెవికి అందని ఫ్రీక్వెన్సీలో తనంతట తానే ఆసిలేట్ అవుతుంది, అంటే పాట లేకున్నా తానే ఊగుతా ఉంటుంది. స్పీకర్లో ఏమీ వినపడదు, ఐసీ మాత్రం కుతకుతలాడుతుంది.

ఆసిలోస్కోప్ (సిగ్నల్ అలల్ని తెర మీద చూపించేది) లేకున్నా పట్టుకోవచ్చు. 5వ పిన్నుకి పోయే ప్లస్ వైరు విప్పి మధ్యలో మల్టీమీటర్ పెట్టు. పాట లేనప్పుడు ఒక్కో ఐసీ 40 నుంచి 60 మిల్లీఆంపియర్లు తీసుకోవాల. 50 అనుకున్నా 33 వోల్టుల మీద 1.7 వాట్లే, గోరువెచ్చన దాటదు. 100 దాటిందంటే ఆసిలేషనే.

680 మళ్లీ వేసెయ్. సౌండు తగ్గించాల్సింది ఇన్‌పుట్ దగ్గర: 10 కే వాల్యూంకి ముందు 22 కే సిరీస్‌లో పెడితే సిగ్నల్ దాదాపు నాలుగో వంతుకి వస్తుంది. 4వ పిన్ను నుంచి గ్రౌండుకి 1 ఓం, 0.22 మైక్రో ఉండాయా చూడు. 3, 5 పిన్నుల పక్కనే 0.1 మైక్రో డిస్క్ కెపాసిటర్లు ఉండాల, రెండంగుళాల దూరంలో పెడితే లేనట్టే లెక్క. మార్పులు చేసినాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల సిరీస్ బల్బు (మెయిన్ కరెంటు దారిలో పెట్టే బల్బు, తప్పుంటే అదే వెలిగి ఐసీని కాపాడుతుంది) మీదనే.

ఏర్పేడు_రేడియో:
హమ్ సంగతి. వాల్యూం సున్నాలో కూడా వస్తుందంటే ఫోన్ తప్పు కాదు, నీ గ్రౌండు వైరింగే. కెపాసిటర్లు సెకనుకి 100 సార్లు దెబ్బలు దెబ్బలుగా చార్జ్ అవుతాయి. ఆ కరెంటంతా నీ రెండు బోర్డుల గ్రౌండు గుండానే పోతా ఉంది. సెంటర్ ట్యాప్‌ని లావు వైరుతో నేరుగా రెండు కెపాసిటర్లు కలిసే చోటికి తెచ్చెయ్. అక్కడి నుంచి రెండంగుళాల వైరు తీసి, దాని కొనని స్టార్ పాయింట్ చేసుకో. స్పీకర్ల గ్రౌండు వైర్లు రెండూ, బోర్డుకొకటి చొప్పున రెండూ అక్కడికే రావాల. కెపాసిటర్ కాళ్ల మీదనే కలిపేయొద్దు, సన్నని గుర్రు మిగులుతుంది.

ఇంకోటి, ఐసీ ట్యాబ్ (స్క్రూ బిగించే లోహపు రెక్క) లోపల 3వ పిన్నుకే కలిసి ఉంటుంది, అంటే మైనస్. రేకు పెట్టెలోకి పోయేముందు మైకా, ప్లాస్టిక్ బుష్ వేసి తీరాల.

సిరీస్_బల్బు:
మైకా తప్పనిసరేం కాదన్నా. రెండు ట్యాబులూ ఒకే మైనస్, ఒకే హీట్‌సింక్ మీద నేరుగా బిగించొచ్చు, వేడి ఇంకా బాగా దిగుతుంది. హీట్‌సింక్ పెట్టెకి తగలకుండా ఫైబర్ వాషర్ల మీద నిలబెడితే చాలు.

ఏర్పేడు_రేడియో:
లెక్క సరే సామీ. కానీ అది మందిరం. రేపు ఎవరో మూత తీసి ఒక స్క్రూ జారవిడిస్తే మైనస్ నేరుగా గ్రౌండుకి షార్ట్. రెండు రూపాయల మైకా కాడ పిసినారితనం ఎందుకు? వేసినాక ట్యాబుకీ హీట్‌సింకుకీ మధ్య మల్టీమీటర్ పెడితే బీప్ రాకూడదు.

చంద్రగిరి_సౌండు:
మైకా వేసేసినా. 680 వేసినాక ఒక్కో ఐసీ 46, 49 మిల్లీఆంపియర్లు. అరగంటకి గోరువెచ్చన. అవుట్‌పుట్‌లో డీసీ 11, 14 మిల్లీవోల్టులు. గ్రౌండు మార్చినాక పెద్ద హమ్ పోయింది. రెండు చానల్స్ ఇన్‌పుట్ వైర్లూ వాల్యూంకి కలిపితే మాత్రం సన్నగా వస్తా ఉంది, ఒకటి పీకితే పోతుంది.

ఏర్పేడు_రేడియో:
అది గ్రౌండు లూప్. రెండు బోర్డుల గ్రౌండ్లు స్టార్ దగ్గర ఒకసారి, వాల్యూం దగ్గర ఇంకోసారి కలుస్తా ఉండాయి. ఒక్కో బోర్డులో సిగ్నల్ గ్రౌండుని విడదీసి, పవర్ గ్రౌండుకి 10 ఓంలతో కలుపు. ఇన్‌పుట్ 22 కే, ఫీడ్‌బ్యాక్ 22 మైక్రో కాలు సిగ్నల్ పక్కకి, 1 ఓం-0.22 జత, 0.1 మైక్రోలు పవర్ పక్కకి. షీల్డు వైరు చుట్టూ అల్లిన జాలీ వాల్యూం దగ్గరా బోర్డు దగ్గరా మాత్రమే, దారిలో పెట్టెకి తగలకూడదు.

సిరీస్_బల్బు:
ఒక మాట మిగిలింది. 2030కి హద్దు ప్లస్ మైనస్ 18 వోల్టులు. నీది 230 మీద 16.8 ఉందంటే, రాత్రి కరెంటు 250కి ఎక్కినప్పుడు 18 దాటిపోతుంది. 2030ఏ వెయ్, పిన్నులు అవే, 22 వరకు తట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకుంటే నాలుగైదు ఎక్కువ తెచ్చుకో. అక్షరాలు గోటితో గీకితే చెరిగిపోయేవి నకిలీవి అనుకో, వాటిని మాత్రం వాపసు ఇచ్చెయ్.